న్యూస్ సర్వర్ ఆపేశారు సరే, దారి ఎవరు చూపిస్తారు? ఇంటర్నెట్ ప్రొవైడర్లకు బహిరంగ లేఖ

ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే సంస్థల యాజమాన్యాలకు, వాటి నెట్‌వర్క్ విభాగాల అధికారులకు,

నమస్కారం.

మా ప్రొవైడర్ న్యూస్ సర్వర్‌ను, అంటే న్యూస్‌గ్రూపులనే చర్చా వేదికల పోస్టులను మాకు అందించే కంప్యూటర్‌ను, ఆపేసింది. ఫిర్యాదు చేశాం. మెయిల్ రాశాం. కింది స్థాయిలో తేలకపోతే పైవాళ్లకు పంపమని అడిగాం. చివరికి "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని ఒక మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో మాకు తెలియదు, పంపినవాళ్లకూ తెలిసి ఉండదు. అందుకే ఇక నలుగురి ముందూ రాస్తున్నాను. ఏ సంస్థ పేరూ ఎత్తడం లేదు. ఇదే పనిని ఇదే తీరులో చాలామంది చేశారు, మిగిలినవాళ్లు రేపో మాపో చేస్తారు.

సర్వర్ నడపడం మీకు గిట్టకపోతే ఆపుకోండి, మీ వ్యాపారం మీ ఇష్టం. దాని మీద నాకు పేచీ లేదు. కానీ ముందుగా చెప్పకుండా ఆపేసి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పకుండా ఊరుకుంటే నష్టపోయేది మీరు కాదు. ఆ నష్టం ఎలా ఉంటుందో మీకు చూపించడానికీ, దాన్ని తగ్గించడానికి మీరు చేయగలిగిన కొద్దిపాటి పనులు అడగడానికీ ఈ లేఖ.

నిర్ణయాలు తీసుకునే గదుల్లో కూర్చున్నవాళ్లలో న్యూస్‌గ్రూపులు వాడినవాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. విషయానికో గ్రూపు చొప్పున జనం పోస్టులు రాసి, ఒకరికొకరు జవాబులు చెప్పుకునే చోట్లు ఇవి. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్ యూజ్‌నెట్ అనే ఈ ఏర్పాటును ఊహించారు. 1980 నుంచి నడుస్తోంది. అంటే వెబ్ కంటే దాదాపు పదేళ్లు పెద్దది. దీనికి యజమాని లేడు, హెడ్డాఫీసు లేదు. ఒక సర్వర్‌కు చేరిన పోస్టును అది పక్క సర్వర్లకు అందిస్తుంది, అవి తమ పక్కవాటికి అందిస్తాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు వాడే ఎన్ఎన్‌టీపీ పద్ధతి 1986లో ప్రమాణంగా వచ్చింది, 2006లో దాన్ని తిరగరాశారు.

ఇవాళ మీరు ప్యాకేజీలు కట్టి అమ్ముకుంటున్న వెబ్ గురించి టిమ్ బెర్నర్స్-లీ 1991 ఆగస్టు 6న నలుగురికీ చెప్పింది ఆల్ట్.హైపర్‌టెక్స్ట్ అనే న్యూస్‌గ్రూపులో. అదే నెల 25న లినస్ టోర్వాల్డ్స్ "ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను" అని కాంప్.ఓఎస్.మినిక్స్‌లో పోస్టు పెట్టాడు. మీ సర్వర్ల గదుల్లో నడుస్తున్న లినక్స్ కబురు లోకానికి తెలిసింది అక్కడే. ఇక తెలుగువాళ్ల సంగతి. కంప్యూటర్‌లో తెలుగు అక్షరం కనపడటమే గొప్పగా ఉన్న రోజుల్లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు గ్రూపులో జనం ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో ట, త వేరు చేసే ఆర్‌టీఎస్ పద్ధతి అక్కడ బాగా వాడుకలో ఉండేది. పద్యాలు, వాదాలు, ఎకసెక్కాలు అన్నీ అందులోనే. ఇదంతా గతవైభవం పాడుకోవడానికి కాదు. మీరు మూసేస్తున్న తలుపు వెనక ఇంకా మనుషులున్నారని చెప్పడానికి.

మీరు చెప్పే కారణాలు మాకు తెలుసు. వాడేవాళ్లు తగ్గారు, ఖర్చు పెరిగింది, చెడ్డ సరుకు ఎక్కువైంది.

వాడేవాళ్లు తగ్గిన మాట నిజమే. యూజ్‌నెట్ పుట్టిన డ్యూక్ విశ్వవిద్యాలయమే 2010 మే 20న తన సర్వర్‌ను మూసేసింది, ఈ కారణమే చెప్పి. ఖర్చు మాట మాత్రం సగమే నిజం. ఫైళ్లు మోసే బైనరీ గ్రూపులు కూడా కలిపితే పూర్తి ఫీడ్, అంటే సర్వర్‌కు వచ్చిపడే పోస్టులన్నీ, రోజుకు వందల టెరాబైట్లకు చేరింది. దాన్ని మోయమని మిమ్మల్ని ఎవరడిగారు? మాటలు మాత్రమే ఉండే గ్రూపుల బరువు అందులో ఏ మూలకు? ఒక మామూలు పోస్టు కొన్ని కిలోబైట్లు. అలాంటి గ్రూపులన్నిటినీ ఒక సాధారణ సర్వర్ మోసేస్తుంది. ఉచితంగా నడిపే సర్వర్లు ఇప్పటికీ ఉన్నాయంటే కారణం అదే. ఆ లెక్క మీ ఇంజనీర్లకు తెలుసు. మీకు చెప్పారో లేదో.

చెడ్డ సరుకు విషయానికొస్తే, 2008లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఉన్న ఆండ్రూ క్యూమో దర్యాప్తులో 88 గ్రూపుల్లో పిల్లల మీద లైంగిక అకృత్యాల చిత్రాలు దొరికాయి. వెరిజాన్, స్ప్రింట్, టైమ్ వార్నర్ కేబుల్ అనే ఇంటర్నెట్ సంస్థలు ఆయన కార్యాలయంతో ఒప్పందానికి వచ్చాయి. అలాంటి చిత్రాలను తీసేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. తర్వాత జరిగింది చూడండి. స్ప్రింట్ ఆల్ట్ శాఖ మొత్తాన్ని, అంటే ఆల్ట్ అని పేరు మొదలయ్యే గ్రూపులన్నిటినీ, తీసేసింది. టైమ్ వార్నర్ కేబుల్ న్యూస్‌గ్రూపుల సేవనే ఎత్తేసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టయింది. ఆల్ట్‌లో వేల గ్రూపులుంటాయి. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే ఆల్ట్.సపోర్ట్.డయాబెటిస్ కూడా అందులోదే. వాళ్లు చేసిన తప్పేమిటి? ఆ తర్వాతి ఏడాది ఏటీ అండ్ టీ కూడా న్యూస్ సర్వర్లు ఆపేసింది. ఒకరిని చూసి ఒకరు అలా ఆపుకుంటూ పోయారు.

ఇక మామూలు వాడకందార్ల మీద పడిన దెబ్బలు.

1. ముందు అసలు ఏం జరిగిందో తెలియదు. న్యూస్‌రీడర్, అంటే న్యూస్‌గ్రూపులు చదివే సాఫ్ట్‌వేర్, తెరిస్తే "సర్వర్‌కు కనెక్ట్ కాలేదు" అని మాత్రమే వస్తుంది. సర్వర్ ఇవాళ పడిపోయిందా, తన కంప్యూటర్ పాడైందా, ఫైర్‌వాల్ అడ్డుకుంటోందా, మీరు శాశ్వతంగా తీసేశారా అన్నది ఆ మాటను బట్టి చెప్పలేం. ఏళ్ల క్రితం ఎవరో సెట్ చేసి పెట్టింది వాడుకుంటున్న పెద్దవాళ్లు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకుంటారు. ఆ దెబ్బతో ఉన్న సెట్టింగులు కూడా పోతాయి. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఏ వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు?" అని అడుగుతారు. వెబ్‌సైట్ కాదండీ అంటే మోడెం ఆపి ఆన్ చేయమంటారు. ఫోన్ ఎత్తిన ఆ అమ్మాయినో అబ్బాయినో అని లాభం లేదు, వాళ్ల ముందున్న కాగితంలో న్యూస్ సర్వర్ అన్న పదమే లేదు.

2. చదివిన గుర్తులు పోతాయి. ఇది బయటివాళ్లకు చిన్న విషయంలా కనిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఏ గ్రూపులో ఎంతవరకు చదివామో న్యూస్‌రీడర్ ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది. తెరిచి చూస్తే "కాంప్.లాంగ్.సి: 1-48213,48220-48231" అన్నట్టు ఒక్కో గ్రూపుకు ఒక్కో వరస ఉంటుంది. అంటే 48213 వరకు చదివాం, మధ్యలో ఆరు వదిలేశాం, మళ్లీ 48231 వరకు చదివాం. ఈ అంకెలు పోస్టులకు లోకమంతటా ఉండే అంకెలు కావు. ఒక్కో సర్వర్ తన దగ్గరికి వచ్చిన వరసలో తనే వేసుకుంటుంది. కొత్త సర్వర్‌లో అదే పోస్టు 3107 కావచ్చు, తొమ్మిది లక్షల పైచిలుకు కావచ్చు. కాబట్టి పాత ఫైలును కొత్త సర్వర్‌కు తగిలిస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. చదవనివి చదివినట్టు మాయమవుతాయి, లేదా ఏళ్ల తరబడి చదివినవన్నీ కొత్తగా వచ్చి మీద పడతాయి. పోస్టు లోపల ఉండే మెసేజ్ ఐడీ మాత్రం ఎక్కడికెళ్లినా మారదు. కానీ గుర్తులు దాని ప్రకారం ఉంచుకునే న్యూస్‌రీడర్లు అరుదు. పదిహేను, ఇరవై గ్రూపులు చదివే మనిషికి ఇది ఒక పూట పని కాదు.

3. దాచుకున్నాం అనుకున్నవి మా దగ్గర ఉండవు. చాలా న్యూస్‌రీడర్లు మామూలుగా హెడర్లను, అంటే శీర్షిక, రాసినవాళ్ల పేరు లాంటి పై వివరాలను, మాత్రమే దించుకుంటాయి. నక్షత్రం గుర్తు పెట్టుకున్న పోస్టు మీద నొక్కినప్పుడు దాని లోపలి మాటర్ అప్పటికప్పుడు సర్వర్ నుంచి వస్తుంది. సర్వర్ పోయాక శీర్షికలు కనిపిస్తూనే ఉంటాయి, నొక్కితే ఏమీ రాదు. రెండు వారాలు ముందు చెప్పి ఉంటే "ఆఫ్‌లైన్ కోసం దించుకో" అన్న బటన్ నొక్కి అందరూ తమవి తాము దించుకునేవాళ్లు.

4. చూపు లేనివాళ్లకు ఇది ఎంత తేలికైన చోటో మీరు ఆలోచించి ఉండరు. ప్రకటనలు లేవు, కదిలే బొమ్మలు లేవు, మధ్యలో దూకే పెట్టెలు లేవు. తెర మీది మాటలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పై నుంచి కింది వరకు చదువుకుంటూ పోతుంది, కీబోర్డుతోనే ఒక చర్చ నుంచి ఇంకో చర్చకు వెళ్లొచ్చు. వాళ్లను "ఫలానా వెబ్‌సైట్‌లో చర్చించుకోండి" అని పంపేయడం మర్యాద కాదు.

5. గ్రూపులను నిలబెట్టేవాళ్లకు చేతులు విరిగినట్టవుతుంది. మోడరేటర్ ఉన్న గ్రూపులో ఎవరైనా రాస్తే సర్వర్ దాన్ని ముందు మోడరేటర్‌కు మెయిల్‌గా పంపుతుంది. ఆయన చూసి, ఆమోదించినట్టు ఒక హెడర్ చేర్చి తిరిగి గ్రూపులో పెడతాడు. అలాంటి హెడర్‌తో పోస్టు పెట్టనివ్వడానికి అన్ని సర్వర్లూ అడగ్గానే ఒప్పుకోవు, ఎందుకు ఒప్పుకోవాలి కూడా. మీ సర్వర్ మీద ఆధారపడిన మోడరేటర్‌కు కొత్త చోట అనుమతి దొరికేదాకా ఆ గ్రూపు మొత్తం ఆగిపోతుంది. అందులో మీ కస్టమర్ ఆయన ఒక్కడే కావచ్చు, ఎదురుచూసేది మాత్రం ఎన్ని దేశాలవాళ్లో. నెలనెలా తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు పోస్టు చేసేవాళ్ల సంగతీ ఇంతే.

6. మీ సొంత గ్రూపులు పూర్తిగా అంతరిస్తాయి. మిగతావి వేరే సర్వర్లలో బతికే ఉంటాయి. కానీ మీ చందాదారుల కోసం మీ పేరుతో నడిపిన గ్రూపులు చాలాసార్లు మీ సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఫలానా మోడెంకు ఫలానా సెట్టింగ్ ఏమిటి, రాత్రిళ్లు లైన్ ఎందుకు పడిపోతోంది, బిల్లులో ఈ గీత దేనికి, ఇలాంటివన్నీ కస్టమర్లే కస్టమర్లకు చెప్పుకున్న జవాబులు. మీ కస్టమర్ కేర్ చేయాల్సిన పనిని ఏళ్ల తరబడి జీతం లేకుండా చేసినవాళ్ల రాతలవి. ఒక రాత్రిలో చెరిపేశారు.

7. బిల్లు తగ్గదు. న్యూస్‌గ్రూపులు కూడా ఇస్తాం అని చెప్పి కనెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు తీసేశారు, నెల చార్జీ మాత్రం అంతే. బయట ఇంకో సర్వర్‌కు కట్టుకుంటే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టు.

8. వెబ్ దారి కూడా మూసుకుపోయింది. ఇదివరకు "గూగుల్ గ్రూప్స్‌లో చూసుకోండి" అని మీవాళ్లు అనేవారు. 1995లో మొదలైన డెజాన్యూస్ అనే సైట్‌లోని పాత పోస్టుల నిల్వను గూగుల్ 2001లో కొని దాన్ని నడిపింది. 2024 ఫిబ్రవరి 22 నుంచి అక్కడ యూజ్‌నెట్ గ్రూపుల్లో కొత్తగా పోస్టు పెట్టలేం, కొత్తగా వచ్చినవి చూడలేం. పాతవి మాత్రం వెతుక్కోవచ్చు. కాబట్టి ఆ సలహా ఇంకా మీ కాగితాల్లో ఉంటే కొట్టేయండి.

సర్వర్ ఆపిన రోజు మీరు ఒక్క పేజీ రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు కాబట్టి మేమే వెతుక్కున్నాం. ఇదే స్థితిలో ఉన్న తోటి పాఠకులకు పనికొస్తుందని అదీ ఇక్కడే రాస్తున్నాను. మీరు కావాలంటే ఎత్తి మీ పేజీలో పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

వెతుకులాట మొదలుపెట్టాల్సింది సెర్చ్ ఇంజన్‌లో కాదు. "పది ఉత్తమ న్యూస్ సర్వర్లు" అని వచ్చే జాబితాలు చాలావరకు కమీషన్ కోసం రాసే ప్రకటనలే. దానికంటే, మీకు కావలసిన గ్రూపులో రోజూ రాసేవాళ్ల పోస్టు ఒకటి తెరిచి పూర్తి హెడర్లు చూపించమని అడగండి. పాత సర్వర్ పోయినా దించుకున్న పోస్టు ఒక్కటి మిగిలి ఉంటే చాలు. అందులో "పాత్" అనే వరసలో ఆ పోస్టు నడిచొచ్చిన సర్వర్ల పేర్లు మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తులతో ఉంటాయి. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కుడి చివర "నాట్-ఫర్-మెయిల్" అని ఉంటే దాన్ని వదిలేయండి, దాని పక్కన ఉన్నది బయలుదేరిన చోటు, ఎడమ చివర ఉన్నది మీ సర్వర్. అలా నాలుగైదు పోస్టులు చూస్తే ఆ గ్రూపువాళ్లు ఏ సర్వర్లలో ఉన్నారో తెలిసిపోతుంది. గ్రూపు ఉన్న చోటికే వెళ్లడం అన్నిటికంటే క్షేమం.

మాటల గ్రూపులు మాత్రమే చదివేవాళ్లకు ఎటర్నల్ సెప్టెంబర్ అనే ఉచిత సర్వర్ ఉంది. మెయిల్ ఇచ్చి నమోదు చేసుకోవాలి, బైనరీలు ఉండవు. 1993 సెప్టెంబర్ నుంచి కొత్తవాళ్ల వరద ఆగలేదని పాతకాపులు విసుక్కున్న మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కొత్తవాళ్లు వస్తే కళ్లకద్దుకునే రోజులు. ఏడాదికి కొద్దిపాటి చందాతో మాటల గ్రూపులే ఇచ్చే ఇండివిడ్యువల్.నెట్ కూడా ఉంది. జీమేన్ పేరు కూడా వినిపిస్తుంది, కానీ అది మెయిలింగ్ లిస్టులను న్యూస్‌గ్రూపుల రూపంలో చూపించే సర్వర్. యూజ్‌నెట్ గ్రూపుల కోసం అక్కడికి వెళ్తే నిరాశే.

డబ్బు కట్టే సర్వర్లలో గిగాన్యూస్, ఎవెకా, న్యూస్‌హోస్టింగ్ లాంటివి ఉన్నాయి. వాటి పేజీల్లో వేల రోజుల నిల్వ, డజన్ల కొద్దీ కనెక్షన్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అవి ఫైళ్లు దించుకునేవాళ్ల కోసం రాసినవి. మాటలు చదివేవాళ్లకు రెండు మూడు కనెక్షన్లు చాలు. నెల చందా కాకుండా "బ్లాక్" అని అమ్మేది ఉందా చూడండి. అందులో ఇన్ని గిగాబైట్లు అని ముందే కొనుక్కుంటాం, సాధారణంగా గడువు ఉండదు, అయినా కొనేముందు ఆ షరతు చదవండి. మాటల గ్రూపులకు చిన్న బ్లాక్ కూడా ఏళ్ల తరబడి వస్తుంది. ఇంకో సంగతి, పైకి పేర్లు ఎన్నో ఉన్నా లోపల అసలు సర్వర్లు కొద్దిమందివే. ఒక చోట దొరకనిది ఇంకో చోట దొరుకుతుందని రెండు ఖాతాలు కొంటే రెండూ ఒకే సర్వర్లవి అయ్యే అవకాశం ఉంది.

మారే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ప్రొవైడర్ సర్వర్ తన నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లను ఐపీ అడ్రస్ చూసి లోపలికి రానిచ్చేది, యూజర్ నేమ్ అడిగేది కాదు. కొత్త సర్వర్ అడుగుతుంది. న్యూస్‌రీడర్‌లో ఆ గడి ఎక్కడో లోపల ఉంటుంది, నింపకపోతే 480 అనే నంబరుతో తిప్పి పంపిస్తుంది. భయపడక్కర్లేదు, పేరు, పాస్‌వర్డ్ చెప్పమని దానర్థం. పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు) 119 బదులు 563 పెట్టి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకుంటే పాస్‌వర్డ్ దారిలో ఎవరి కంటా పడదు. థండర్‌బర్డ్, పాన్, ఎస్ఎల్ఆర్ఎన్ అనే న్యూస్‌రీడర్లు మూడూ ఈ పని చేస్తాయి. పాత సర్వర్ ఇంకా బతికే ఉంటే దాని ఖాతాను తీసేయకుండా పక్కన కొత్తది చేర్చండి, రెండూ కొన్నాళ్లు ఉండనివ్వండి. కొత్త చోట పాత తేదీ వరకు అన్నీ చదివినట్టు గుర్తు పెట్టేసి అక్కడి నుంచి మొదలుపెట్టడం ఒక్కటే తలనొప్పి లేని మార్గం. మొదటి పోస్టును చర్చల్లో పడేసి "కనిపిస్తోందా?" అని అడగొద్దు, దానికి మిస్క్.టెస్ట్ గ్రూపు ఉంది.

పదిమంది కలిసి ఉండే హాస్టల్, కార్యాలయం లాంటి చోట లీఫ్‌నోడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. ఎవరో ఒకరు చదివే గ్రూపులను మాత్రమే పెద్ద సర్వర్ నుంచి తెచ్చి దగ్గర ఉంచుతుంది. మీలాంటి సంస్థ చేయలేనంత కష్టమైన పని కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

మా డిమాండ్లు ఇవి.

1. ఆపడానికి కనీసం 90 రోజుల ముందు చెప్పండి. మెయిల్‌లో, బిల్లుతో పాటు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ న్యూస్‌గ్రూపుల్లోనే పోస్టుగా చెప్పండి. వెబ్‌సైట్‌లో నిబంధనల పేజీ అడుగున మార్చిన వాక్యాన్ని నోటీసు అనరు.

2. సర్వర్‌ను ఒక్కసారిగా నరికేయకండి. ఎన్ఎన్‌టీపీలో దానికి మర్యాదైన పద్ధతి ఉంది. చివరి నెల సర్వర్ 201 అనే నంబరుతో పలకరిస్తే చదువుకోవచ్చు గానీ రాయడానికి లేదని న్యూస్‌రీడర్‌కు అర్థమవుతుంది. ఆ తర్వాత 502 అంటే సేవ శాశ్వతంగా లేదని అర్థం. ఆ నంబరు పక్కన ఒక వాక్యం రాసే వీలుంది. "ఈ సర్వర్ మూతపడింది, వివరాలు ఫలానా చోట" అని అందులో పెట్టి కొన్ని నెలలు ఉంచండి. ఇది మీ ఇంజనీరుకు టీ తాగేలోపు అయ్యే పని, మాకు మాత్రం రోజుల తరబడి టెన్షన్ తప్పుతుంది.

3. బైనరీలు వద్దనుకుంటే అవే తీసేయండి. మాటల గ్రూపులైనా ఉంచండి. అదీ కుదరకపోతే బయటి సర్వర్‌తో మాట్లాడి కోరుకున్న చందాదారులకు ఖాతా ఇప్పించండి. ఇదివరకు చాలామంది ప్రొవైడర్లు న్యూస్ సేవను బయటి సంస్థల దగ్గరే కొని తమ పేరుతో ఇచ్చారు, ఇది కొత్త ఏర్పాటు కాదు.

4. మీ సొంత గ్రూపుల్లోని పోస్టులన్నిటినీ అడిగినవాళ్లకు ఫైలుగా ఇవ్వండి. ఆ గ్రూపులను నడపడానికి ఎవరైనా ముందుకొస్తే పేరుతో సహా అప్పగించండి.

5. 119, 563 పోర్టులను అడ్డుకోకండి, నెమ్మది చేయకండి. మీ సర్వర్ లేకపోయినా మీ లైన్ మీదుగానే బయటి సర్వర్‌కు వెళ్లాలి. ఆ దారిలో ముళ్లు వేయొద్దు.

6. కస్టమర్ కేర్‌కు ఒక పేజీ రాసివ్వండి. న్యూస్ సర్వర్ ఫలానా తేదీన ఆపేశాం, మీ కంప్యూటర్‌లో తప్పేం లేదు, ఈ చోట్ల ప్రత్యామ్నాయాలున్నాయి. ఈ మూడు మాటలు చెప్తే ఫోన్ చేసినవాళ్లు మోడెం జోలికి పోకుండా ఊరుకుంటారు.

7. న్యూస్‌గ్రూపులు ప్యాకేజీలో భాగం అని చెప్పి చేర్చుకున్న చందాదారులకు ఆ మేరకు చార్జీ తగ్గించండి, లేదా జరిమానా లేకుండా కనెక్షన్ మానుకునే అవకాశం ఇవ్వండి.

ఇప్పటికే ఆపేసిన సంస్థలు మొదటి రెండిటికీ ఆలస్యమైందని తప్పించుకోవచ్చు. 502తో పలకరించే సర్వర్‌ను మాత్రం రేపైనా పెట్టొచ్చు, ఆరో అంశం సంగతీ అంతే. నాలుగోదానికి మాత్రం గడువు మీ చేతుల్లో కూడా లేదు. పక్కన పెట్టేసిన ఆ సర్వర్ డిస్కులు ఇంకా ఏ గదిలోనో ఉండి ఉంటాయి. వాటిని చెరిపి వేరే పనికి వాడుకోమని ఎవరో ఆర్డర్ వేసేలోపు, ఈ వారంలోనే, మీ సొంత గ్రూపుల పోస్టులను కాపీ తీసి పెట్టించండి.

ఇట్లు,
మీ నెల బిల్లు తప్పకుండా కడుతున్న ఒక న్యూస్‌గ్రూపుల పాఠకుడు